సవరణ: నడుం నొప్పి, నిలకడ

మొన్న రాసినదాంట్లో తప్పు దొర్లింది. నడుం నొప్పి పాతబడితే కాళ్ల బలం తగ్గి మనిషి ఊగుతాడన్నాను. పర్లాకిమిడిలో మా పిన్ని చదివి, "నా కాళ్లకేమయిందిరా, రోజూ మేడ మెట్లెక్కుతున్నాను" అని కసిరింది. ఆవిడ మాటే నిజం. 12 వారాలు దాటిన నొప్పిలో, ఒళ్లు ఎటు వాలుతోందో నడుం కండరాల నుంచి మెదడుకు కబురు సరిగా అందకపోవచ్చు. అప్పుడు చీలమండల మీద, చూపు మీద ఎక్కువ ఆధారపడతారు. అందుకే కళ్లు మూసుకుంటే ఊగడం పెరుగుతుంది. అందరికీ కాదు, కొందరు బిగుసుకుపోయి తక్కువే ఊగుతారు.

ఒంటికాలి మీద నిలబడి పరీక్షించుకోమన్న మాట కూడా తీసేశాను. పిన్ని పొయ్యి పక్కనే మొదలుపెట్టబోయింది! నొప్పితో పాటు తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం అదుపు తప్పినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.