తామరాకు మీద నీటిబొట్టు

పెరట్లో నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతున్న సిమెంటు తొట్టి కట్టించడం, ఒక అంచున కప్పలు ఎక్కి దిగడానికి రాళ్లను వాలుగా పేర్పించడం, కొళాయి నీటిలోని క్లోరిన్ వాసన పోయేదాకా నీటిని ఊరకే నిలవ ఉంచడం, ఇవన్నీ ఏ రభసా లేకుండా జరిగిపోయాయి కనుక వాటి గురించి చెప్పను. రభసంతా మొక్కల దగ్గరే వచ్చింది.

తూనీగలూ కప్పలూ పిట్టలూ వచ్చి వాలే చిన్న నీటికుంటకు ఏ మొక్కలు వేయాలని వెతికితే దొరికే సలహాలు చాలావరకు ఇంగ్లండు తోటల కోసం రాసినవే. చలికాలంలో కుంట పైభాగమంతా గడ్డకట్టిపోకుండా ఒక బంతిని నీటిలో వదిలిపెట్టమని వాటిలో శ్రద్ధగా చెప్పి ఉంటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో, మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండలో, కుంట గడ్డకడుతుందనే బెంగ ఎవరికీ ఉండదు. అందులో నీళ్లు మిగులుతాయా అన్నదే బెంగ. అయినా బంతిని పక్కన పెడితే మిగిలిన సారం మనకూ పనికివచ్చేదే. నీటిలో మునిగి ఉండి ప్రాణవాయువు వదిలేది ఒకటి, ఆకులు నీటిపై పరిచేది ఒకటి, అంచున నిటారుగా నిలబడేది ఒకటి ఉండాలి. మన నేలకు హైడ్రిల్లా అనే నీటినాచు, కలువ, వస గానీ పొడుగు తుంగ గానీ సరిపోతాయి. కలువ ఆకులు నీటిని సగం మేర కప్పితే చాలు, నీరు అతిగా కాగదు, పాచీ అంతగా పట్టదు. దోమ పిల్లలను తిని పెరిగిన తూనీగ పిల్లలు ఒకనాడు వస ఆకులను పట్టుకొని నీటిలోంచి పైకి పాకి వచ్చి, పొట్టు విడిచి, రెక్కలు విప్పుకుంటాయి. జమ్మును చిన్న తొట్టిలో నాటితే కొంతకాలానికి తొట్టి జమ్ముదే అవుతుంది. దుంపలు పాకడానికి చోటు కావాలి కనుక తామర కూడా అడుగున్నర తొట్టికి తగినది కాదు. అంటే నేను కాగితం మీద రాసుకున్న పేర్లలో తామర లేనే లేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నిన్న జరిగినదంతా తామరతోనే జరిగింది.

బెంగళూరు రోడ్డు పక్కనున్న ఆ నర్సరీ యజమాని ఏ మొక్క పేరు చెప్పినా “ఉండాది సార్, కడియం లోడులో వచ్చినాది” అనేవాడు. చూపించమంటే గులాబీల వైపు నడిచేవాడు. నేను కలువ అడిగాను. “తామరనే కదా సార్? అదిగో” అని గేటు పక్కనున్న తొట్టి చూపించాడు. మొక్కలు అమ్ముకొని బతికేవాడు కలువకూ తామరకూ తేడా తెలియకుండా ఇంతకాలం ఎలా నెట్టుకొచ్చాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తెలియజెప్పడం కనీస బాధ్యత అనుకొని తొట్టి దగ్గరకు వెళ్లాను. అప్పటికి అక్కడ తులసి మొక్క కోసం వచ్చిన ఒక ముసలమ్మ, బైకు స్టాండు వేసి బేరమాడుతున్న ఒక జంట ఉన్నారు. నేను వాళ్లను పిలవలేదు, వాళ్లే దగ్గరకు వచ్చారు.

కలువ ఆకుకు అంచు నుంచి తొడిమ దాకా ఒక చీలిక ఉంటుందని, తామర ఆకుకు చీలిక లేకుండా తొడిమ సరిగ్గా నడుమ అతుక్కొని ఉంటుందని, ఈ తొట్టిలోని ఆకుకు చీలిక లేదు కనుక ఇది తామరేనని వివరించాను. మరి తామర ఆకు నీటికి పైన నిలబడాలి గదా, ఇది నీటిమీద పడుకొని ఉందేమని బైకు అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్నే. తామర లేత ఆకులు మొదట నీటిమీదే తేలుతాయని, ఆ తరువాత వచ్చేవే పైకి లేస్తాయని, అంచేత ఇది ఇంకా చిన్న మొక్క అని చెప్పాను. ఇది నూటికి నూరుపాళ్లూ నిజం. ఆకు మీద ఒక్క పురుగు చిల్లయినా లేకపోవడం, అంచు ఎక్కడా పండిపోకపోవడం కూడా నా కంట పడ్డాయి; వాటిని కడియం రైతుల శ్రద్ధకు నిదర్శనంగా చూపించాను. యజమాని ప్రతి వాక్యానికీ “ఔను సార్” అంటూనే ఉన్నాడు.

ఇక్కడితో ఆగి ఉండవచ్చు. కానీ తామరాకు మీద నీటిబొట్టు అని మనవాళ్లు ఊరకే అనలేదని చూపించాలనిపించి, కాసిని నీళ్లు కావాలన్నాను. యజమాని స్వయంగా మగ్గుతో తెచ్చి ఇచ్చాడు. ఈ మగ్గు విషయం నేను మరిచిపోలేకపోతున్నాను. మోకాళ్ల మీద కూర్చొని, వేళ్ల చివర నుంచి ఒక్కొక్క చుక్కే ఆకు మీద వదిలాను. చుక్క గుండ్రంగా నిలిచింది, ఆకును కాస్త వంచితే అంచుదాకా జారి నీటిలో పడిపోయింది. ఆకు తడవలేదు. తామరాకు ఉపరితలమంతా కంటికి కనిపించని బొడిపెలు, వాటిపైన మైనపు పొర ఉంటాయని, అందుకే నీరు అంటదని, జారేటప్పుడు దుమ్మును కూడా వెంట తీసుకుపోతుందని, జర్మనీకి చెందిన బార్త్‌లాట్, నైన్‌హుయిస్ అనే శాస్త్రవేత్తలు 1997లో దీనిపై పరిశోధన పత్రం ప్రచురించారని చెబుతూ, ఆకును వేలితో నిమిరి, ఆ మైనపు నునుపును మీరు కూడా తాకి చూడండని ముసలమ్మను కోరాను.

ఆమె తాకలేదు. “ఏమప్పా, అది ప్లాస్టిక్కుది కదప్పా” అంది. “మా కోడలు షోకేసులో పెట్టిండాది, ఇట్లాంటిదే.”

నేను ఇంకా జవాబు వెతుక్కుంటుండగానే నర్సరీ పిల్లవాడు పైపు తీసుకొని వచ్చి, ఒంటిచేత్తో ఆకునూ పువ్వునూ కలిపి పైకెత్తి, దుమ్ము పోయేలా రెండుసార్లు విదిలించి, తిప్పి పట్టుకొని కడిగాడు. అడుగున మెత్తటి స్పాంజి, దాని మీద నూట ఇరవై రూపాయల ధర చీటీ ఉన్నాయి. తొడిమ సరిగ్గా నడుమే ఉంది, ఆ మాటకు వస్తే.

అమ్మేవాడికి తాను ఏమి అమ్ముతున్నాడో తెలుసు. ముందే ఒక్క మాట అంటే ఏం పోయేది? అడిగితే, “మీరు అంత బాగా చెప్తాంటే మధ్యలో ఏంటికి సార్ అడ్డం రావడమని” అన్నాడు. బైకు జంట నర్సరీ అవతలి చివరకు వెళ్లి నవ్వుకున్నారు, అది మర్యాదే.

వస దొరికింది. నాచు దొరికింది. కలువ వచ్చే లోడులో వస్తుందట. డబ్బులిచ్చి బయలుదేరుతుంటే యజమాని, బాధ పడ్డానని అనుకున్నాడో ఏమో, కొసరుగా గుర్రపు డెక్క మొక్కనొకదాన్ని కవరులో పెట్టి చేతికిచ్చాడు. ఊదారంగు పువ్వుతో చూడముచ్చటగానే ఉంది. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క అనీ, అనుకూలమైతే రెండు వారాల్లోనే రెట్టింపు అవుతుందనీ, నీటిపైన పూర్తిగా పరుచుకొని కింద ఉన్న ప్రాణులకు వెలుతురూ గాలీ అందకుండా చేస్తుందనీ, ఎన్నో చెరువులను మింగేసిందనీ, చిన్న కుంటలో వేయకూడని మొక్కల్లో మొదటిది ఇదేననీ నాకు తెలుసు. “ఇది వద్దు, ఇది చాలా...” అని మొదలుపెట్టాను. పిల్లవాడు పైపు ఆపి చూశాడు. తులసి మొక్కను చంకన పెట్టుకున్న ముసలమ్మ కూడా ఆగింది.

“ఇది మాత్రం నిజమైందే సార్,” అన్నాడు యజమాని ఎంతో ఓదార్పుగా, “కావాలంటే గిల్లి చూసుకోండి.”

గిల్లి చూశాను. నిజమైనదే.