యాంటిక్ సంగతి తర్వాత, ముందు థ్రెడ్డు ఎంతో చెప్పు

నిన్న రాత్రి ఆన్‌లైన్‌లో పాత సైకిల్ సామాను అమ్మే ఒకాయనతో మళ్లీ గొడవైంది. ఫొటోలో తుప్పు పట్టిన బాటమ్ బ్రాకెట్ కప్పు (పెడళ్ల ఇరుసు తిరిగే చోట ఫ్రేములోకి బిగించే ముక్క) ఒకటి, రేటు 2,500, కింద "రేర్ యాంటిక్ రాలీ ఒరిజినల్". రాలీ అంటే ఇంగ్లండ్ సైకిల్ కంపెనీ. అన్నా, దీని థ్రెడ్డు (మరచుట్లు) ఎంత, అంగుళానికి 24 ఆ 26 ఆ అని అడిగా. "సార్ ఇది యాంటిక్ సార్" అన్నాడు. సరే అన్నా, థ్రెడ్డు? "ఇంగ్లండ్ మాల్ సార్." మూడోసారి అడిగితే బ్లాక్ చేశాడు. రెండేళ్ల నుంచి ఇదే తంతు నాకు, అందుకే ఈ పోస్టు, కొంచెం పెద్దదే అవుద్ది, భరించండి.

మా తాత సైకిలు రాలీ. ఆయన కొన్నదే సెకండ్ హ్యాండ్, ముందు బ్యాడ్జీ మీద నాటింగ్‌హామ్, ఇంగ్లండ్ అని ఉంటుంది, చైన్ వీల్లో మూడు కొంగ తలకాయలు. దుగ్గిరాల నుంచి తెనాలి బడికి రోజూ దాని మీదే వెళ్లొచ్చేవాడు. ఆయన పోయాక పశువుల పాకలో ఇరవై ఏళ్లు పడుంది. కిందకి దించి తుడుస్తుంటే సీటు బోల్టుకి కట్టిన సైకిల్ లైసెన్సు బిళ్ల కనపడింది, అదేంటి నాన్నా అని మా అమ్మాయి అడిగితే ఒకప్పుడు సైకిలుకి కూడా పన్ను కట్టేవాళ్లమ్మా అంటే నమ్మలేదు.

టైర్లకి నేనేం కష్టపడలేదు. 28 ఒకటిన్నర సైజు ఇప్పటికీ పాల కేన్లు మోసే సైకిళ్లకి వాడేదే, ఏ ఊళ్లో అయినా దొరుకుద్ది. రిమ్ములూ అంతే, ముందు 32 వెనక 40 బొక్కలు. చైనూ మామూలుదే. నేను కూడా అక్కడే మోసపోయా, ఇన్ని కలిసొచ్చాయి కదా మిగతావి కూడా బజార్లో ఉంటాయిలే అనుకున్నా.

రాలీ వాళ్లు లోకమంతా ఒక దారైతే తమదొక దారి అన్నట్టు బాటమ్ బ్రాకెట్‌కి అంగుళానికి 26 థ్రెడ్లు పెట్టారు. మిగతా ఇంగ్లీషు సైకిళ్లకి 24. దరిద్రం ఏంటంటే వ్యాసం దాదాపు ఒకటే, 1.37 అంగుళాలకీ 1.375కీ తేడా కంటికి ఆనదు, అందుకని 24 కప్పు 26 ఫ్రేములోకి ఒకటి రెండు చుట్లు సుఖంగా వెళ్లిపోద్ది, ఆ తర్వాత పట్టేస్తుంది. పట్టేసినప్పుడు ఆపాలి. బజార్లో కొన్న కప్పు పెడుతూ మేం ఆపలేదు. మా మేస్త్రీ స్పానరుకి గొట్టం తొడిగాడు, నేనేమో పక్కన నిలబడి "ఇంకొంచెం బాబాయ్" అన్నా, కర్ర్ మని ఒక చప్పుడు వచ్చింది చూడండీ, ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. 70 ఏళ్లు చెక్కుచెదరని థ్రెడ్డు మొదటి రెండు వరసలు ఒక్క నిమిషంలో నలిగిపోయాయి. అంతకంటే ఘోరం, విప్పిన పాత కప్పులు రెండూ అప్పటికే పాత ఇనప సామాను బండికి వెళ్లిపోయాయి. లోపల కాస్త గుంటలు పడ్డాయి అంతే, కొత్త పావంగుళం బాల్సు పక్కకి పదకొండు చొప్పున వేసి గ్రీజు పెడితే ఇంకో పదేళ్లు తిరిగేవి. తప్పు ఆయనది సగం, నాది సగం, కాదు, నాదే ఎక్కువ.

ఎర్రగడ్డ ఆదివారం సంతకి ఎన్ని వారాలు తిరిగానో లెక్కలేదు, గురువారాలు జుమ్మేరాత్ బజార్ కూడా అయింది. అక్కడ ఒక పెద్దాయన గోనె మీద బోల్టులూ కప్పులూ కోనులూ కుప్ప పోసుకుని కూర్చుంటాడు. రాలీ కప్పు కావాలి తాతా అన్నా. "పాతది తెచ్చినవా?" లేదు. "మరి దేంతోని చూడాలె?" అని, నా సైకిల్దే ఇంకేదైనా ముక్క పట్టుకురమ్మన్నాడు. మళ్లీ వారం హెడ్డు రేసు, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే కప్పు, విప్పి తీసుకెళ్లా, హెడ్డుకి కూడా రాలీది 26 ఏ. ఆయన కుప్పలోంచి ఒక కప్పు తీసి రెండిటి చూడీలూ (థ్రెడ్లు) ఎదురెదురుగా ఆనించి ఎండకి పట్టి చూశాడు. దువ్వెనలో దువ్వెన కూర్చున్నట్టు కూర్చోవాలంట, మధ్యలో వెలుగు కనపడిందా అది నీది కాదు. కనపడింది. ఇంకోటి తీశాడు, మళ్లీ కనపడింది. "లేదు బిడ్డా" అన్నాడు. అదే కప్పు నాకు అంటగట్టి మూడొందలు తీసుకోవచ్చు, తీసుకోలేదు. ఈయన నోట యాంటిక్ అనే మాటే రాలేదు.

కాటర్ పిన్నులది ఇంకో కథ. క్రాంకులో, అంటే పెడల్ కాడలో పట్టే ఆ చిన్న మేకు రాలీకి తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, కొన్నింటికి తొమ్మిది. అర మిల్లీమీటరే కదా అని సన్నది కొట్టారో, తొక్కినప్పుడల్లా పెడల్ టక్ టక్ మంటుంది. ఇంకో మాట, పిన్ను కొట్టేటప్పుడు క్రాంకు కింద గట్టి గొట్టం ఆనించకపోతే ప్రతి దెబ్బా బాల్సు మీదే పడుద్ది. మా అక్క కొడుకు నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు, వాడు చదివే జూబిలీ క్యాంపస్ కట్టిందే పాత రాలీ ఫ్యాక్టరీ స్థలంలో. ఆ సంగతి వాడికి నేను చెప్పేదాకా తెలీదు. "మావయ్యా ఇక్కడేం సైకిళ్లు లేవు, లెక్చర్ హాళ్లున్నాయి" అన్నాడు. అయినా పాపం ఎవర్నో పట్టుకుని ఒక జత పిన్నులు కొన్నాడు, అమ్మినాయన ఫొటోలోనే కేలిపర్ పెట్టి 9.5 అని చూపించాడు. నేనడిగేది అంతే కదా! ఒక స్కేలు పెట్టి ఫొటో తియ్యమనేగా!

ఇక ఈ హోటళ్ల వాళ్లు. హైవే పక్కన ఒక చోట టిఫినుకి ఆగితే గోడ మీద రాలీ, ఫుల్ గేర్ కేసుతో (చైన్‌ని మొత్తం మూసే రేకు డబ్బా), దాని చిన్న మూత కూడా పోకుండా. ఆ మూత కోసం నేను పద్ధెనిమిది నెలల నుంచి తిరుగుతున్నా. సైకిలు మొత్తానికి బంగారు రంగు స్ప్రే కొట్టి, సీటు మీద ప్లాస్టిక్ పూల కుండీ. చేత్తో పెడల్ తిప్పితే అయ్యో, వెన్నలా తిరిగింది. మేనేజర్ని అడిగితే "సెల్ఫీ పాయింట్ సార్, ఇవ్వం" అన్నాడు. పెసరట్టు కూడా బాలేదు.

ఇంత తిట్టాను కదా, చివరికి నేను చేసింది కూడా చెప్పాలి. నల్గొండ వైపు ఒక ఊళ్లో లారీ గుద్దిన రాలీ దొరికింది, ఫ్రేము కింది గొట్టం వంగిపోయింది, ఫోర్కు వెనక్కి వచ్చేసింది. ఆ ఇంటి పెద్దాయన రెండు వేలడిగితే బేరమాడకుండా ఇచ్చేశా. కప్పులు రెండూ మంచివి, 26, కుడివైపుది రివర్స్ థ్రెడ్డు కాబట్టి ఈసారి మేస్త్రీని ముట్టుకోనివ్వకుండా రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టి నేనే విప్పా. తాత ఫ్రేములో నలిగిన రెండు వరసలూ దాటాక గట్టిగానే కూర్చున్నాయి. మొన్న ఆదివారం మా నాన్న ఎక్కి వీధి చివరిదాకా వెళ్లొచ్చి, "బ్రేకు లేదేంట్రా దీనికి" అన్నాడు. రాడ్ బ్రేకు ఇంకా దొరకలేదు మరి.

ఆ వంగిన ఫ్రేము మా మేడ మీదే ఉంది. ముందు మడ్‌గార్డు, క్యారేజీ, సీటు కింద స్ప్రింగులు కూడా ఉన్నాయి. ఎవరికన్నా కావాలంటే కామెంట్ పెట్టండి, స్కేలు పెట్టి ఫొటోలు పంపిస్తా, బండి ఖర్చులిస్తే చాలు. కప్పులు మాత్రం అడక్కండి.