మహారాజశ్రీ ఓపెన్ లాన్ గారి సమక్షమునకు

ఆడపిల్ల తండ్రి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు, మీ గడ్డి, గడ్డి మీది ఎర్ర కార్పెట్ అంతా క్షేమమని తలుస్తాను.

మీ దగ్గర, ఆరుబయట, మా అమ్మాయి పెళ్లయి రెండు నెలలు దాటింది. బాకీలు చాలావరకు తీరాయి. నిన్న ఆల్బమ్ కూడా వచ్చింది. మా ఆవిడా నేనూ చెరో పక్క పట్టుకుని, గ్యాస్ సిలిండర్ మోసినట్టు మోసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాం. అందులో ఆఖరి పేజీ చూశాక మీకీ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఆ పేజీ సంగతి చివర్లో చెబుతాను.

మిమ్మల్ని నేను ఎంచుకోలేదు. ఎంచుకున్నది మా అమ్మాయి ఫోను. ఒకరోజు అన్నం తింటుంటే నా కళ్లద్దాలకి ఆనించినట్టు పెట్టింది. చెట్ల మధ్య మండపం, వెనక బంగారు రంగు వెలుతురు, మధ్యలో ఎవరో ముక్కూమొహం తెలియని జంట. "ఏసీ హాల్లో వెనకంతా గోడే కదా నాన్నా. నాకు నేచర్ కావాలి" అంది. నేను పుట్టిందే పొలం గట్టు మీదమ్మా అనబోయి ఊరుకున్నాను. ఆ నేచర్ వేరు, ఈ నేచర్ వేరు. ఆ నేచర్‌కి అడ్వాన్స్ ఉండదు.

నా పెళ్లీ బయటే జరిగింది. జనగామ దగ్గర మా అత్తగారింటి ముందు, వీధికి అడ్డంగా. గుంజలు పాతి, తాటాకు కప్పి, మామిడి కొమ్మలు కట్టారు. ఊళ్లోకి వచ్చే బస్సు ఆ రెండు రోజులూ వెనక నుంచి తిరిగిపోయింది. రీలుకి 36 ఫోటోల లెక్కన రెండు రీళ్లు తీశారు. ఒక రీలుకి వెలుతురు తగిలి మొత్తం పోయింది. దాన్ని ఎవరూ అవుట్‌డోర్ వెడ్డింగ్ అనలేదు, పెళ్లి అన్నారు. ఆకాశమంత పందిరి వేసి, భూదేవంత అరుగు వేసి పెళ్లి చేశారని మన పెద్దవాళ్లు గొప్పగా చెప్పుకునేవారు కదా, ఆ మాటని అక్షరాలా అమలు చేసింది మాత్రం మీరే. మీ దగ్గర పందిరి లేదు. ఆకాశమే ఉంది. దానికే ఆరు లక్షలు.

మీ కోసం ఐదు ఆదివారాలు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ గిరిప్రదక్షిణ చేశాం. మేడ్చల్, కొంపల్లి, శంషాబాద్, మొయినాబాద్. హైదరాబాద్‌లో ఫంక్షన్ హాలు పేరు చివర గార్డెన్స్ అని ఉంది కదా అని అక్కడ గార్డెన్ వెతకడం, మైసూర్ బజ్జీలో మైసూరు వెతకడం లాంటిదని మొదటి ఆదివారమే తెలిసింది. గేటు పక్కన రెండు క్రోటన్ కుండీలు, వాటిలో తాగి పడేసిన టీ కప్పులు. అసలు గార్డెన్లు ఎక్కడంటే మొయినాబాద్ వైపు పొమ్మన్నారు.

అక్కడే ఎందుకున్నారా అని ఆలోచిస్తే నాకో అనుమానం వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల్ని కాపాడదామని 1996లో 111 నంబరు జీవో ఇచ్చారు. చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో పెద్ద పెద్ద కట్టడాలు కూడదన్నారు. కట్టడం కూడదన్నారు గానీ కట్టుకోవడం కూడదనలేదు కదా, తాళి. కాబట్టి కట్టడం వద్దన్న చోట గడ్డి మొలిచింది, గడ్డి మొలిచిన చోట గేటు మొలిచింది, గేటు దగ్గర "సార్ ఏ డేట్?" అనే కుర్రాడు మొలిచాడు. జీవో రాసినాయన చెరువుల గురించి ఆలోచించాడు గానీ, నాలాంటి ఆడపిల్ల తండ్రుల గురించి ఆలోచించలేదు.

ఆ కుర్రాణ్ని నేనడిగిన మొదటి ప్రశ్న వాన. ఎందుకంటే మా బావమరిది కొడుకు పెళ్లి శ్రావణమాసంలో ఇలాంటి లాన్‌లోనే చేశారు. ఎనిమిదింటికి వాన మొదలైంది. తొమ్మిదింటికి షామియానా పొట్ట కిందికి దిగింది. నీళ్లు దింపుదామని ఎవరో పుణ్యాత్ముడు కర్రతో కింది నుంచి పొడిచాడు. అవి సరిగ్గా పప్పుచారు గంగాళంలోకే దిగాయి. ఆ రోజు పప్పుచారు మాత్రం అందరికీ సరిపోయింది.

కుర్రాడు నవ్వాడు. "మాఘంలో వానెక్కడిది సార్? అంతగా భయమైతే జర్మన్ హ్యాంగర్ వేయిద్దాం." అదేమిటంటే అల్యూమినియం దూలాలు నిలబెట్టి పైన టార్పాలిన్ కప్పే పెద్ద షెడ్డు. అంటే ఆకాశం కోసం కట్టిన అద్దె మీద, ఆకాశం కనపడకుండా చేయడానికి ఇంకో అద్దె. వద్దన్నాను. "పోనీ పక్కన మా ఇండోర్ హాలుంది సార్, వానొస్తే అందులోకి మారొచ్చు" అన్నాడు. ఆ రోజు ఖాళీయేనా అన్నాను. "లేదు సార్, వేరే పెళ్లుంది." అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు అనే వాక్యం రసీదు మీద ఎంత స్పష్టంగా ఉందంటే, మీ పేరు కూడా అంత స్పష్టంగా లేదు.

సరే, ఇచ్చాం. ఇక మీ అలంకారం మొదలైంది.

ముందు రోజు మధ్యాహ్నం వచ్చి చూద్దును కదా, గడ్డి మీద కార్పెట్ పరుస్తున్నారు. అదేమిటయ్యా, ఆ గడ్డిని చూసే కదా ఇచ్చిందీ అంటే, తడి గడ్డిలో ఆడవాళ్ల హీల్స్ దిగబడతాయన్నారు. నిజమే, కాదనలేను. కార్పెట్ లేని చోట కాస్త పచ్చదనం మిగిలితే, దాని మీద ఫోటోగ్రాఫర్ తెల్ల గుడ్డ పరిపించాడు. ఎండ గడ్డి మీద పడి పైకి కొడితే మొహాలు లేతాకుపచ్చగా వస్తాయట. మధుపర్కాలు కట్టుకుంటే అవీ పచ్చబడతాయట. నేచర్ దూరం నుంచి బాగుంటుంది గానీ, మొహం మీద పడకూడదన్నమాట.

తర్వాత వేపచెట్టు. మాఘమాసం, ఆకు రాలే కాలం. మీ వేపచెట్టు పాపం దాని పని అది చేసుకుంటోంది. ఇద్దరు కుర్రాళ్లు ఎక్కి కొమ్మలు ఊపారు. రాలాల్సినవి, రాలకూడనివి అన్నీ రాల్చారు. కింద ఊడ్చేశారు. ఆ ఖాళీ కొమ్మలకి ప్లాస్టిక్ తీగలు చుట్టి, జానెడుకొకటి చొప్పున తెల్ల జిప్ టైలు బిగించారు. బిగించి మిగిలిన కొస కత్తిరించకుండా వదిలేస్తే, దూరం నుంచి చెట్టుకి తెల్ల వెంట్రుకలు మొలిచినట్టుంది. ఒక ఆకు పట్టుకుని చూశాను. ఈనెలు కూడా వేశాడు మహానుభావుడు. వెనక చిన్న అక్షరాల్లో మేడ్ ఇన్ చైనా అని ఉంది. "అసలు ఆకైతే రాలిపోద్ది సార్, ఇది రాలదు" అన్నాడు పైనున్నవాడు. గోడ మీద మీ కాగితం పూల తీగ విరగబూసి ఉంటే, కలర్ థీమ్‌లో లేదని దాని ముందు గుడ్డపూల తడిక నిలబెట్టారు. పేరుకే కాగితం పూలు పాపం, నిజం పూలు. ఆ గుడ్డపూల ముందు నిలబడి మా చుట్టాలందరూ "ఎంత నేచురల్‌గా ఉందో" అన్నారు.

మీ మీద నా అసలు ఫిర్యాదు వెలుతురు గురించి. మా అమ్మాయికి పెట్టిన ముహూర్తం రాత్రి 2 గంటల 41 నిమిషాలు. ఇది తెలిసి కూడా ఈవెంట్ మేనేజరమ్మాయి మండపం పడమటి వైపు వేద్దాం, సన్‌సెట్ బ్యాక్‌డ్రాప్ వస్తుంది అంకుల్ అంది. రాత్రి రెండు నలభై ఒకటికి ఏ సూర్యుడమ్మా అస్తమించేది? పోనీ ముహూర్తాన్ని సాయంత్రం గోల్డెన్ అవర్‌లోకి జరపడం కుదురుతుందేమో పంతులుగార్ని అడగమంది. అడిగాను. తప్పదు కదా. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "గోల్డెన్ అవర్ మాకు కొత్తేం కాదండీ. ఆవులు ఇంటికొచ్చే వేళ గోధూళి లగ్నమని మా తాతలు పెట్టేవారు. ఈ జాతకాలకి అది కుదరలేదు. అంతగా కావాలంటే సూర్యుణ్ణే కాస్త ఆగమని చెప్పించండి" అన్నారు.

ఫిబ్రవరిలో మన దగ్గర ఆరుంపావు దాటాక పొద్దు గూకుతుంది. ఎదురుకోలుకి ముందే, ఐదున్నర నుంచి ఫోటోలు తీయాలని అందరూ ఒప్పుకున్నారు. ఐదున్నరకి వెలుతురు నిజంగానే బాగుంది. తేనె పోసినట్టు. ఆ వెలుతురులో కేటరింగ్ వాళ్ల ప్లాస్టిక్ డ్రమ్ములు కూడా దేవతల్లా మెరిశాయి. పెళ్లికూతురు మాత్రం మేకప్ గదిలో ఉంది. ఆరింటికీ అక్కడే ఉంది. ఆరున్నరకి బయటికొచ్చింది. అప్పటికి సూర్యుడు పడమటింటికి వెళ్లిపోయాడు, నేను డబ్బు కట్టిన సంగతి ఆయనకెవరూ చెప్పినట్టు లేరు. అప్పుడు ఫోటోగ్రాఫర్ ఏమాత్రం టెన్షన్ పడకుండా, ఒక పెద్ద లైటుకి నారింజ రంగు కాగితం చుట్టి చెట్టు వెనక పెట్టించాడు. ఆల్బమ్‌లో సూర్యాస్తమయం చాలా బాగా వచ్చింది. కాస్త పరీక్షగా చూస్తే సూర్యుడికి వైరు కనిపిస్తుంది.

రాత్రి పది దాటాక మైకు ఆగింది. శబ్దకాలుష్యం మీద 2000లో వచ్చిన నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నాలుగు గోడల మధ్య బాంక్వెట్ హాల్లో అయితే లోపలివాళ్లకి వినపడేలా పెట్టుకోవచ్చు. మీకు గోడల్లేవు, అదే కదా మీ గొప్ప. కాబట్టి మంత్రాలు పంతులుగారి గొంతు ఎంతవరకు వెళ్తే అంతవరకే, అంటే రెండో వరుస దాకా. మూడో వరుస నుంచి జనం వాళ్ల సొంత మంత్రాలు చదువుకున్నారు. రియల్ ఎస్టేట్, అమెరికా వీసా, ఎవరి కోడలు ఏమంది. జీలకర్ర బెల్లం వేళకి గాలి తిరిగి హోమం పొగంతా వియ్యంకుల వైపు పోయింది. వియ్యపురాలు కళ్లు తుడుచుకుంటుంటే, "చూడు ఎంత ఎమోషనల్ అయిందో" అని వీడియో కుర్రాడు దగ్గరగా జూమ్ చేశాడు. మిగిలిన బెల్లానికి చీమలు పట్టాయి. ఆ రాత్రి మీ దగ్గర నిజంగా నేచర్ అనదగ్గవి అవే.

ఇంతా రాశాను గానీ, మిమ్మల్ని ఒప్పుకోవడానికి నాకంటూ ఒక కారణం ఉంది. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. అరుంధతి.

మా తమ్ముడి పెళ్లి ఏసీ హాల్లో అయింది. అరుంధతీ దర్శనం వచ్చేసరికి పంతులుగారు వేలు పైకెత్తితే అక్కడ ఎగ్జిట్ బోర్డు వెలుగుతోంది. దానికే దణ్ణం పెట్టారు. లాన్ అనగానే, మా పిల్లయినా చుక్కని చూస్తుంది కదా అనుకున్నాను. సప్తర్షి మండలంలో వసిష్ఠుణ్ణి ఆనుకుని ఉంటుంది ఆ చిన్న చుక్క. కళ్లు బాగున్నవాళ్లకి తెలుస్తుంది. మాఘంలో తెల్లవారుజామున మూడింటికి ఆ ఏడుగురూ ఉత్తరాన బాగా పైకొచ్చి ఉంటారు. అన్నీ కుదిరాయి. ఉత్తరాన మాత్రం మీ ఫోకస్ లైట్ల టవరు ఉంది. రెండు నిమిషాలు ఆపమని బతిమాలాను. "కెమెరాలు రన్నింగ్‌లో ఉన్నాయి అంకుల్, నల్లగా వచ్చేస్తుంది" అన్నారు. అల్లుడుగారు కళ్లు చిట్లించి చాలాసేపు వెతికి, "కనిపించింది పంతులుగారూ, ఎర్రగా మిణుకుమిణుకుమంటూ కదులుతోంది" అన్నారు. శంషాబాద్‌లో దిగబోతున్న విమానం. పంతులుగారు ఒక్క క్షణం ఆగి, "అదే నాయనా, ఇద్దరూ దణ్ణం పెట్టుకోండి" అన్నారు.

నాలుగింటికి మా ఆవిడ స్వెటర్ కోసం కారు దగ్గరికి వెళ్లాను. పార్కింగ్ మీ ప్రహరీ బయట, దున్నకుండా వదిలేసిన చేలో. అక్కడ లైట్లు లేవు. తలెత్తితే ఏడుగురూ ఉన్నారు, పక్కింటి వాళ్లంత స్పష్టంగా. వసిష్ఠుడి పక్కన ఏదో ఉన్నట్టూ లేనట్టూ, నా కళ్లకి అంతవరకే. చలిమంట దగ్గరున్న వాచ్‌మన్ "పెండ్లి అటు నడుస్తుంటే ఇటు చూస్తున్నరేంది సారూ" అన్నాడు. ఏమీ లేదని చెప్పి స్వెటర్ తీసుకుని వచ్చేశాను.

ఇప్పుడు ఆఖరి పేజీ. రెండు పేజీలకీ కలిపి ఒకే ఫోటో. అల్లుడుగారి వేలు పైకి, మా అమ్మాయి చూపు ఆ వేలి వెంట. నల్లటి ఆకాశంలో ఎనిమిది కిరణాలతో, టమాటా అంత చుక్క. సరిగ్గా జనరేటర్ షెడ్డు మీద, దక్షిణాన. ఫోటోగ్రాఫర్‌కి ఫోన్ చేశాను.

"ఆ రోజు స్టార్ కనపడలేదు కదా అంకుల్, మేమే పెట్టాం. చార్జ్ ఏం లేదు."

"బాగుంది బాబూ. మరి మిగతా ఏడుగురూ ఏరీ?"

అవతల కాసేపు చప్పుడు లేదు. పేజీలు తిప్పుతున్నట్టున్నాడు.

"ఎవరంకుల్? గ్రూప్ ఫోటోలో మిస్సయ్యారా?"

ఇట్లు,
తమ విధేయుడు,
పెళ్లికూతురి తండ్రి