సంతకం వస్తే చదువొచ్చినట్టు కాదు
సంతకం పెట్టడం వస్తే చాలు, అక్షరాస్యులే అని ఒక వ్యాసంలో రాశారు, ఒప్పుకోలేను. జనగణన నిర్వచనం ప్రకారమే 7 ఏళ్లు నిండినవాళ్లు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవాలి, రాయాలి. అనంతపురం పల్లెల్లో శెనక్కాయ రైతుకు అసలు పరీక్ష పురుగుమందు డబ్బా మీదుంటుంది. లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు అని ఉంటే 15 లీటర్ల ట్యాంకుకు 30 పోయాలి. ఆ లెక్క రాక మూతతో అందాజుగా పోస్తే పైరన్నా మాడుతుంది, పురుగన్నా చావదు. ఎర్ర త్రికోణం గుర్తుంటే అత్యంత విషమని కూడా తెలియాల. రాత్రిబడిలో పెద్దవాళ్లు 'పలక', 'వల' బాగానే చదువుతారు, ఒత్తుల దగ్గర ఆగిపోతారు. 'పట్టా', 'ఖర్చు', 'వడ్డీ', బతుక్కి కావాల్సినవన్నీ ఒత్తులున్న మాటలే! బ్యాంకు ఫారం, అప్పు కాగితం ముందర పెట్టుకొని వాటిలోంచే ఒత్తులు నేర్పండి.