ల్యాబు తాళం ఎవరి దగ్గర?

(కూకట్‌పల్లిలో ఒక అపార్టుమెంటు, మూడో అంతస్తు. జూన్ నెల ఆదివారం. టిఫిన్ అయిపోయింది, వంట ఇంకా మొదలవలేదు. భారతి ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. సత్యం కరెంటు ఆఫీసులో, అంటే సదరన్ డిస్కంలో అసిస్టెంట్ ఇంజినీరు. ఇద్దరి మధ్యా పాత పేపరు, దాని మీద గోంగూర కట్టలు. ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిన అమ్మాయి హరిణి లోపలి గదిలో నిద్రపోతోంది. దాని భవిష్యత్తు హాల్లో తేలుతోంది. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగులో ఛాయిస్‌లకి ఇవాళ సాయంత్రమే గడువు.)

సత్యం: చూడు భారతీ, ఫుల్ పేజీ యాడ్! సెంటర్స్ ఆఫ్ ఎక్సలెన్స్ పదకొండట. ఏఐకి ఒకటి, రోబోలకి ఒకటి, డ్రోన్లకి ఒకటి. నీకు కావాల్సింది రీసెర్చే కదా? ఇదిగో, పదకొండు రకాలు.

భారతి: మొన్న మనం చూసొచ్చింది ఆ హైవే కాలేజీనే. గుర్తుందా?

సత్యం: ఎందుకు లేదు? క్యాంటీన్లో మసాలా దోశె బాగుంది.

భారతి: ఏఐ ల్యాబుకి తాళం వేసుంది.

సత్యం: ఖరీదైన మిషన్లుంటాయి, తాళం వెయ్యరా మరి?

భారతి: చెవి ఎవరి దగ్గరుందంటే అటెండరు దగ్గరన్నారు. అటెండరు ఏడంటే టీకి వెళ్ళాడన్నారు. కిటికీలోంచి చూశాను. మానిటర్ల మీద పాలిథిన్ కవర్లు కూడా తియ్యలేదు. కుర్చీలకీ అంతే. తలుపు పక్కన మాత్రం రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటో, ఫ్రేం కట్టించి.

సత్యం: దుమ్ము పడకుండా జాగ్రత్తపడ్డారు. మన ఫ్రిజ్ హ్యాండిల్‌కి నువ్వు ఎన్నేళ్ళు కవరు ఉంచావు?

భారతి: అమ్మాయి ఫ్రిజ్ మీద ప్రాజెక్టు చెయ్యట్లేదండీ. కాడలు పేపర్లో, ఆకు గిన్నెలో. మీరు తిరగేసి వేస్తున్నారు.

సత్యం: (గిన్నెలోంచి కాడలు ఏరుకుంటూ) అసలు నాకర్థం కాదు. బీటెక్ పిల్లకి రీసెర్చి ఎందుకు? అది పీహెచ్‌డీ వాళ్ళ తలనొప్పి. మేం చదవలేదా? మా బ్యాచ్‌లో ఒక్కడు కూడా రీసెర్చి జోలికి పోలేదు.

భారతి: తెలుస్తూనే ఉంది కదా. కాస్త గాలి వీస్తే చాలు, కరెంటు పోతుంది.

సత్యం: అది చెట్టుకొమ్మల సమస్య!

భారతి: 2002లో ఐఐటీ కాన్పూర్‌లో ఏం జరిగిందో చెప్పనా?

సత్యం: వద్దంటే మానేస్తావా?

భారతి: నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అని ఇద్దరు కుర్రాళ్ళు. అప్పుడే బీటెక్ అయింది. వాళ్ళ ప్రొఫెసరు మణీంద్ర అగ్రవాల్. ఒక సంఖ్య ఇస్తే అది ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చాలి. వేగంగా తేల్చే పద్ధతులు అప్పటికే ఉన్నాయి, కానీ అవి కాస్త అదృష్టం మీదో, ఎవరూ నిరూపించని ఊహ మీదో ఆధారపడేవి. ఆ రెండూ అక్కర్లేకుండా, ఎంత పెద్ద సంఖ్యనైనా లెక్క చెయ్యి దాటిపోకుండా తేల్చే దారి ఈ ముగ్గురూ కనిపెట్టారు. మహామహులు తలలు బద్దలుకొట్టుకున్న ప్రశ్న అది. ఈ పిల్లలు బీటెక్ ప్రాజెక్టుగా మొదలుపెట్టారు. 2006లో గోడెల్ ప్రైజ్ వచ్చింది, కంప్యూటర్ సైన్సు సిద్ధాంతంలో పెద్ద బహుమతి.

సత్యం: ప్లేస్‌మెంట్ ఎక్కడ?

భారతి: ఏమిటీ?

సత్యం: ఆ కుర్రాళ్ళిద్దరికీ. ప్యాకేజీ ఎంతొచ్చింది?

భారతి: (గోంగూర కాడని అవసరానికి మించిన బలంతో విరుస్తూ) పీహెచ్‌డీలో చేరారు.

సత్యం: చూశావా! అంత కనిపెట్టి కూడా మళ్ళీ చదువే!

(ఇక్కడ కాసేపు మౌనం. ఇరవై ఏళ్ళ కాపురంలో ఇలాంటి మౌనాలు ఎంతసేపు ఉంటాయో సత్యానికి తెలుసు కాబట్టి మాట మార్చాడు.)

సత్యం: సరే, ప్రాక్టికల్‌గా మాట్లాడదాం. హైవే కాలేజీలో సీఎస్ఈ ఏఐఎంఎల్, అంటే ఏఐ, మెషిన్ లెర్నింగ్ వస్తుంది. నువ్వేమో వరంగల్ ఎన్ఐటీలో ఈసీఈ, ఆ ఎలక్ట్రానిక్స్ బ్రాంచి అంటావు. కంప్యూటర్లలో రీసెర్చి కావాలంటూ ఈసీఈలో వేస్తారా ఎవరైనా?

భారతి: కంప్యూటరు లోపల చిప్పు ఎవరు చేస్తారనుకున్నారు? మీ ఏఐఎంఎల్ నడిచేది కూడా దాని మీదే.

సత్యం: అది నీకు తెలుసు, నాకు తెలుసు. రేపు పెళ్ళిలో మా పెద్దమ్మ అడుగుతుంది, ‘అమ్మాయి ఏం చదువుతోందిరా’ అని. ‘ఈసీఈ’ అంటాను. ‘అయ్యో, సీఎస్ఈ రాలేదా’ అంటుంది. ఆ ‘అయ్యో’కి సమాధానం నువ్వు చెప్తావా?

భారతి: చెప్తాను. మీ కాలేజీలో సీఎస్ఈ, ఏఐఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ అని ఐదు బ్రాంచీలున్నాయి. ఐదింటి ఫ్యాకల్టీ పేజీలూ తెరిచి చూశాను. చాలామటుకు అవే ఫొటోలు. ఒకాయన మూడు బ్రాంచీల్లో ఉన్నాడు, మూడింట్లోనూ అదే చారల చొక్కా.

సత్యం: ఐఐటీ హైదరాబాద్ వాళ్ళు 2019లోనే బీటెక్ ఏఐ పెట్టారు, దేశంలో మొదటిసారి. వాళ్ళు పెడితే గొప్ప, వీళ్ళు పెడితే తప్పా?

భారతి: వాళ్ళు చెప్పేవాళ్ళు ఉన్నాక పెట్టారు. వీళ్ళు సీట్లు నిండాక చెప్పేవాళ్ళ కోసం ప్రకటన ఇస్తున్నారు. మీ ఫుల్ పేజీ యాడ్ కిందే ఉంది, చిన్న అక్షరాల్లో.

(సత్యం చూశాడు. ఉంది. పేజీ తిప్పేశాడు.)

సత్యం: గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో వచ్చుంటే ఈ గోలే ఉండేది కాదు. బండి మీద వెళ్ళొచ్చేది.

భారతి: వాళ్ళ ఎంట్రన్సు యూజీఈఈ రాసింది, ఇంటర్వ్యూ దాకా వెళ్ళలేకపోయింది. దాన్ని ఇప్పుడు తవ్వకండి.

సత్యం: తవ్వట్లేదు. అది రాస్తే వచ్చేది ఐదేళ్ళ కోర్సు. అదీ మంచికే అంటున్నాను.

భారతి: బీటెక్‌తో పాటు ఎమ్మెస్ బై రీసెర్చ్ కూడా ఇస్తారండీ, థీసిస్ రాయించి. ఊరికే ఓ ఏడాది కూర్చోబెట్టరు. అక్కడి ఆర్ అండ్ డీ షోకేస్‌కి మిమ్మల్ని తీసుకెళ్ళి చూపిస్తే ఏం చేశారు? ఒక భాషలోంచి ఇంకో భాషలోకి కంప్యూటరుతో అనువాదం ఎలా చేయిస్తున్నారో ఆ మూడో ఏడాది కుర్రాడు పోస్టరు పక్కన నిలబడి అంత ఓపిగ్గా చెబుతుంటే...

సత్యం: మంచి ప్రశ్నే అడిగాను.

భారతి: ‘మా ఆఫీసు సర్క్యులర్ తెలుగులోనే ఉంటుంది, దాన్ని తెలుగులోకి మార్చగలవా బాబూ’ అన్నారు.

సత్యం: వాడు నోట్ చేసుకున్నాడు, నువ్వు చూడలేదు.

భారతి: నేను చూసింది వేరు. ఏం అడిగినా ‘ఇది ప్రయత్నించాం, పనిచెయ్యలేదు, అప్పుడిలా మార్చాం’ అన్నాడు. పనిచెయ్యనిది కూడా చెప్పగలిగాడంటే వాడు నిజంగా చేసినవాడు. హైవే కాలేజీలో మనకి ప్రాజెక్టు చూపించిన పిల్లని ‘ఎక్కడ తప్పుతుంది’ అని అడిగితే ‘తప్పదు మేడమ్’ అంది.

సత్యం: ఆత్మవిశ్వాసం! అయినా అక్కడి పిల్లలు కూడా పేపర్లు రాస్తారు. మా పై ఆఫీసరు ఏడీఈ గారబ్బాయి మూడో ఏడాదిలోనే ఇంటర్నేషనల్ జర్నల్లో వేశాడు. పంపిన మూడో రోజుకి వచ్చేసింది.

భారతి: డబ్బు కట్టాడా?

సత్యం: ఏదో ప్రాసెసింగ్ ఫీజు. సర్టిఫికెట్ ఇచ్చారు, బంగారు రంగు సీలుతో.

భారతి: మూడో రోజుకా! మీ ఆఫీసులో కొత్త మీటరుకి పెట్టుకుంటే అదే రాదు మూడో రోజుకి. పేపరన్నాక ఆ విషయం తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు చదవాలి, తప్పులు పట్టాలి, కాదని తిప్పి పంపాలి. నెలలు పడుతుంది.

సత్యం: మీటరు ప్రస్తావన ఎందుకిప్పుడు?

భారతి: డీబీఎల్‌పీ అని సైటుంది. కంప్యూటర్ సైన్సులో ఎవరు ఏ పేపరు ఎక్కడ వేశారో పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. ప్రొఫెసరు పేరు కొట్టాలి. ఈ మధ్య రాశాడా, పదేళ్ళ కిందట ఆపేశాడా చూడాలి. తర్వాత ఆయనతో కలిసి రాసినవాళ్ళ పేర్లు చూడాలి. వాళ్ళలో బీటెక్ పిల్లలుంటే ఆయన పిల్లల్ని దగ్గరికి రానిస్తాడన్నమాట. రాత్రి కూర్చుని అదే చేశాను.

సత్యం: నేను సీరియల్ అనుకుని పడుకున్నాను. ఇంత దేనికి, నేరుగా వాళ్ళనే అడిగేద్దాం.

(హైవే కాలేజీ అడ్మిషన్ల నంబరుకి ఫోన్ చేసి స్పీకరు ఆన్ చేశాడు. ఆదివారమైనా మొదటి రింగుకే ఎత్తారు. రెండో ఏడాది పిల్లల్ని ప్రొఫెసర్లు తమ ల్యాబులో పనికి తీసుకుంటారా అని అడిగింది భారతి. బస్సులన్నీ ఏసీ మేడమ్, అంది అవతలి గొంతు. ఒక్కో లెక్చరరుకి వారానికి ఎన్ని క్లాసులు? క్యాంపస్ మొత్తం వైఫై మేడమ్. పీహెచ్‌డీ స్కాలర్లు ఎంతమంది? బయోమెట్రిక్ మేడమ్, పాప క్లాసుకి రాకపోతే పది నిమిషాల్లో సార్‌కి మెసేజ్ వచ్చేస్తుంది. రాత్రి తొమ్మిది తర్వాత ల్యాబు తెరిచి ఉంచుతారా? గాళ్స్ సాయంత్రం ఆరింటికల్లా హాస్టల్లో ఉంటారు మేడమ్, ఆ విషయంలో మేం చాలా స్ట్రిక్ట్. ఇవాళే సీటు బ్లాక్ చేసుకుంటే... అంటుండగా సత్యం ఫోన్ పెట్టేశాడు.)

సత్యం: (గొంతు సవరించుకుని) ఆ మెసేజ్ పద్ధతి మాత్రం బాగుంది.

భారతి: ఆరింటికట! కంప్యూటరుకి రాత్రి పని అప్పజెప్పి, ఎక్కడ ఆగిపోతుందో అని కాపు కాయాల్సిన చదువిది. మగపిల్లలు ల్యాబులో, ఆడపిల్లలు గదిలో అయితే ఏ ప్రొఫెసరు మాత్రం దీన్ని పనిలో పెట్టుకుంటాడు?

సత్యం: మరి వరంగల్లో ఎన్నింటికి?

భారతి: అక్కడ చదివే మా స్కూలు పిల్ల ఒకతి ఉంది. సాయంత్రంలోపు ఫోన్ చేస్తానంది. నేను రాసుకున్న వాటిలో మొదటి ప్రశ్న అదే.

సత్యం: నీకు తెలియనిది కూడా ఒకటి చెప్పనా? కాలేజీలో ఏమీ లేకపోయినా ఎండాకాలం బయటికెళ్ళి రీసెర్చి చెయ్యొచ్చు. దేశంలో మూడు సైన్స్ అకాడమీలు కలిసి సమ్మర్ ఫెలోషిప్ ఇస్తాయి. కాన్పూర్ ఐఐటీలో సర్జ్ అని అలాంటిదే ఉంది. కెనడాకి మైటాక్స్ అనే అక్కడి సంస్థ వాళ్ళు తీసుకెళ్తారు. కెనడా, భారతీ!

భారతి: (మొదటిసారి తలెత్తి) ఇదెక్కడ చదివారు?

సత్యం: నీ ఫోన్లోనే. నువ్వు మూసెయ్యని ట్యాబులో.

భారతి: నిజమే. మంచి మాట. కాదనను. కానీ వాటికి సిఫార్సు ఉత్తరం ఎవరిస్తారు?

సత్యం: హెచ్‌ఓడీ.

భారతి: అక్కడ ఒక్క సీఎస్ఈకే ఎన్ని సెక్షన్లో మీరూ విన్నారు. దీన్ని రోల్ నంబరుగా తప్ప ఎరగని మనిషి ఏం రాస్తాడు? ‘సత్ప్రవర్తన గల విద్యార్థిని’ అని రాస్తాడు. దాన్ని పట్టుకుని కెనడా వెళ్తుందా?

సత్యం: ఎన్ఐటీలో మాత్రం గేటు దగ్గరే ప్రొఫెసరు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటాడా?

భారతి: పట్టుకోడు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేశాడని ఇప్పుడు దీనికి రీసెర్చి రాసిపెట్టి ఉండదు. అడగాలి, వెంటపడాలి. కానీ అక్కడ పీహెచ్‌డీ వాళ్ళున్నారు. రెండో ఏడాది పిల్ల ప్రొఫెసరు గదిలోకి వెళ్ళడానికి భయపడుతుంది. పీహెచ్‌డీ చేసే ఓ అక్క పక్కన కూర్చుంటే వాళ్ళ ప్రోగ్రాంలో తప్పులు వెతకమంటారు, డేటా శుభ్రం చెయ్యమంటారు. అక్కణ్ణించే మొదలవుతుంది.

సత్యం: శుభ్రం చెయ్యడమా? మన హరిణా? దాని గది చూశావా?

భారతి: డేటా అయితే చేస్తుంది లెండి.

సత్యం: (చివరి కాడ దులిపి) కానీ, పెట్టు. మొదటి ఛాయిస్ వరంగల్ ఈసీఈ. హోమ్ స్టేట్ కోటాలో సగం సీట్లు మనవే కదా, వస్తే వస్తుంది. వచ్చిన మర్నాడే నేను ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటా. హనుమకొండలో ఇల్లు తీసుకుందాం. దానికి హాస్టల్ తిండి అక్కర్లేదు. రాత్రి ఎన్నింటికి ల్యాబు అయినా నేనే బండి మీద తీసుకొస్తా, గేటు బయట నిలబడి.

భారతి: వరంగల్ నార్తర్న్ డిస్కం. మీది సదరన్. వేరే కంపెనీ. ట్రాన్స్‌ఫర్ కుదరదు.

సత్యం: అవును కదూ... ఇదంతా నీకెలా తెలుసు?

భారతి: హరిణి చెప్పింది. ఏ కాలేజీ గురించీ ఆరా తియ్యకముందే అది కనుక్కుందట.