దళం మారితే హోదా మిగులుతుంది, బాధ్యత మిగలదు

సాయుధ దళాల్లో ఒక శాఖ నుంచి మరో శాఖకు మారేవారిని అందరూ మొదట అడిగేది ర్యాంకు నిలుస్తుందా లేదా అనే. నిజానికి కొత్తచోట వారు ఎవరి బాగోగులకు, ఏ పనికి జవాబు చెప్పాల్సి వస్తుందో ముందుగా అడగాలి.

ఒకే పేరున్న ర్యాంకులన్నీ ఒకే స్థాయివి కావు. భారత నౌకాదళంలో కెప్టెన్ అంటే ఆర్మీలో కల్నల్‌తో సమానం. ఆర్మీ కెప్టెన్‌కు సమానమైన నౌకాదళ అధికారి లెఫ్టినెంట్. ఇంతవరకు పట్టిక చూస్తే తెలిసిపోతుంది. అసలు చిక్కు పట్టికలో సమానమని రాసి ఉన్నచోటే వస్తుంది.

అమెరికా దళాల్లో ఈ-4 అనే వేతన శ్రేణినే తీసుకుందాం. సముద్రం మీదుగా వెళ్లి తీరంపై పోరాడే దళమైన మెరైన్ కోర్‌లో ఆ శ్రేణిలోని కార్పొరల్ నాన్ కమిషన్డ్ ఆఫీసర్, అంటే సైనికుల్లోంచే ఎదిగి కిందివారిని నడిపించే నాయకుడు. పదాతి దళంలో నలుగురుండే ఫైర్ టీమ్‌ను నడిపించే బాధ్యత సాధారణంగా అతనిదే. వైమానిక దళంలో అదే జీతం తీసుకునే సీనియర్ ఎయిర్‌మన్‌ను ఆ వర్గంలోనే లెక్కించరు. హెలికాప్టర్ పైలట్ల సంగతి ఇంకా విచిత్రం. ఆర్మీలో వారిలో అత్యధికులు వారంట్ ఆఫీసర్లు, అంటే ఒక సాంకేతిక నైపుణ్యం కోసమే నియమితులైన నిపుణ అధికారులు. ఏళ్లు గడిచినా వారి ప్రధాన వృత్తి విమానయానమే. వైమానిక దళం 2024లో వారంట్ ఆఫీసర్లను మళ్లీ తెచ్చినా అది సైబర్, ఐటీ పనుల కోసమే. అక్కడ పైలట్‌గా చేరాలంటే కమిషన్డ్ అధికారి కావాలి, అంటే పైకి వెళ్లేకొద్దీ కాక్‌పిట్‌తో పాటు సిబ్బంది, పాలన, కమాండ్ బరువు కూడా మోయాలి.

వేరే దళంలో పనిచేసి వచ్చినవారు కూడా సైనికులుగా మెరైన్లలో చేరాలంటే 13 వారాల ప్రాథమిక శిక్షణ పూర్తిచేయాలన్న నియమాన్ని అవమానంగా భావించేవారున్నారు. నేను వారితో ఏకీభవించను. ప్రతి మెరైన్ మొదట రైఫిల్‌మన్ అని నమ్మే దళంలో, ఆ శిక్షణ లేనివాడి ఆజ్ఞను కింది సైనికుడు ప్రాణాలకు తెగించి ఎందుకు పాటించాలి?

భుజం మీది గుర్తు కాగితాలతో బదిలీ అవుతుంది గాని, మనుషులను నడిపించిన అనుభవం అలా బదిలీ కాదు. సాంకేతిక పనిలో ఆరితేరిన వ్యక్తికి, సమాన ర్యాంకు ఉందన్న ఒక్క కారణంతో, రాత్రికి రాత్రి పదిమందిని అప్పగిస్తే అతనికీ అన్యాయమే, ఆ పదిమందికీ అన్యాయమే. పదోన్నతి బోర్డు కూడా అతన్ని మొదటి నుంచీ అక్కడే నాయకత్వం చేసినవారి పక్కన నిలబెట్టి తూచుతుంది. అందుకే మారినవారి హోదాను, జీతాన్ని తగ్గించకుండానే, కొంతకాలం అదే స్థాయి అధికారికి జోడీగా పనిచేయించాలి. ఆ కాలాన్ని పదోన్నతి లెక్కలో వారికి లోటుగా చూపకూడదు.