రోమన్ల భోజనాల గదిలో ఎవరి చోటు ఎక్కడ?

రోమన్లు ఎలా తినేవాళ్లు అంటే మంచం మీద ఒరిగి ద్రాక్షపళ్లు నోట్లో వేసుకునే బొమ్మే అందరికీ గుర్తొస్తుంది. ఎంత సుఖపడ్డారో అన్న ధోరణిలోనే వ్యాసాలూ వీడియోలూ సాగుతాయి. నా దృష్టిలో ఆ మంచాలు సుఖం కోసం కంటే ఎవరి స్థాయి ఏమిటో చూపించడానికే ఎక్కువ పనికొచ్చాయి.

డబ్బున్న ఇంట్లో భోజనాల గదిని ట్రిక్లీనియం అనేవారు. మూడు వైపులా మూడు మంచాలు, ఒక్కోదాని మీద ముగ్గురు చొప్పున తొమ్మిదిమంది, మధ్యలో చిన్న బల్ల, నాలుగో వైపు వడ్డించేవాళ్లు రావడానికి ఖాళీ. ఎడమ మోచెయ్యి దిండుకి ఆనించి కుడిచేత్తో తినాలి. ఎక్కడ పడితే అక్కడ వాలడానికి లేదు. మధ్య మంచంలో చివరి చోటు ముఖ్య అతిథిది, దాని పక్కనే మూడో మంచం మొదట్లో ఇంటి యజమాని ఉంటాడు, కాబట్టి తనకి చూపించిన చోటుని బట్టే ఆ ఇంట్లో తనకెంత విలువుందో వచ్చినవాడికి తెలిసిపోయేది.

తిండిలోనూ ఇదే తేడా. చిన్న ప్లీనీ అనే రోమన్ రచయిత ఒక ఉత్తరంలో తను వెళ్లిన విందు గురించి రాశాడు: ఆ యజమాని మూడు రకాల వైన్ పెట్టించాడట, మంచిది తనకీ పెద్ద అతిథులకీ, రెండోది తక్కువ స్థాయి స్నేహితులకి, మూడోది బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లకి. ప్లీనీకి అది నచ్చలేదు. మా ఇంట్లో అందరికీ ఒకటే పెడతాను, ఖర్చు పెరగదు, ఎందుకంటే విడుదలైనవాళ్లు నా వైన్ తాగరు, వాళ్లు తాగేదే నేనూ తాగుతాను అన్నాడు. నాకు చాలా ఇష్టమైన జవాబు ఇది.

గ్రీకుల ఇళ్లలో ఈ గది పేరు ఆండ్రోన్, అది మగవాళ్లది. క్రీ.పూ. 348లో ధ్వంసమైన ఒలింథస్ అనే గ్రీకు నగరంలో ఇలాంటి గదులు బయటపడ్డాయి. గోడల వెంట మంచాలు వరసగా పట్టాలి కాబట్టి తలుపు గోడ మధ్యలో కాకుండా ఒక పక్కకి పెట్టేవాళ్లు. ఇంటి ఇల్లాలికి ఆ విందులో చోటు లేదు, కానీ వేణువు వాయించడానికి డబ్బిచ్చి పిలిపించిన ఆడవాళ్లు వచ్చేవారు. రోమ్‌లో భార్యలూ విందుకి వచ్చేవారు, ఆ విషయంలో రోమన్లు కాస్త నయం.

మరి విందులో నిలబడి ఉండే బానిసల మాటేమిటి? అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన రోమన్ నగరం పాంపేలో ఒక ఇంటి భోజనాల గది గోడ మీద అతిథులకి నియమాలు రాసి ఉన్నాయి. పరాయివాడి భార్య వైపు ఆశగా చూడొద్దు, గొడవలు పెట్టుకోవద్దు, లేదంటే ఇంటికెళ్లిపో, ఇలా. వాటిలోనే, నీళ్లతో కాళ్లు కడగాలి, తడిని బానిస కుర్రాడు తుడవాలి అని కూడా ఉంది. యజమాని తింటున్నంతసేపూ బానిసలు ఆకలితో, నోరు మెదపకుండా రాత్రంతా నిలబడేవారని, దగ్గినా తుమ్మినా దెబ్బలు పడేవని రోమన్ తత్వవేత్త సెనెకా రాశాడు.

2024లో పాంపేలో నల్లగోడల భోజనాలశాల ఒకటి బయటపడినప్పుడు గ్రీకు పురాణకథల్లోని హెలెన్, పారిస్‌ల బొమ్మల ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. అందంగా ఉన్నాయి, కాదనను. కానీ అదే వీధిసముదాయంలో అంతకు ముందు ఏడాది దొరికిన రొట్టెల బట్టీ గురించి కూడా అంతే గట్టిగా చెప్పాలి: చిన్న కిటికీలు, వాటికి ఇనుప కమ్మీలు, బానిసలూ గాడిదలూ కలిసి పిండి విసిరిన చోటు.